గాలి లేకుండా ఆడమంటే ఎట్లప్పా?

అనంతపురంలో మా అమ్మాయి చదివే బడి బ్యాడ్మింటన్ జట్టు ఈ ఏడు సీజన్ ముగించింది. సీజన్ అంటే జూన్ చివర్లో మొదలై, సెప్టెంబరులో ఒకరోజు మధ్యాహ్న భోజనం వేళకు అయిపోయింది. ఓడిపోయారని వీధిలో కొందరు మూతి ముడుస్తున్నారు కాబట్టి అసలు సంగతి లోకానికి చెప్పాల్సిన బాధ్యత నా నెత్తిన పడింది.

రూలు ప్రకారం కోర్టు పొడవు 13.40 మీటర్లు, వెడల్పు 6.10. పొద్దున సున్నంతో గీసినప్పుడు మాదీ అంతే. బడి పిల్లలంతా దాని మీదే ప్రార్థన చేసి క్లాసులకు పోయాక మాత్రం గీత ఎక్కడుందనేది ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లు చెప్పినట్టే. నెట్టు ఒక పక్క వేపచెట్టుకు, ఇంకో పక్క జెండా స్తంభానికి కడతారు. మధ్యలో 1.524 మీటర్ల ఎత్తుండాలట. మాది బట్టలారేసిన దండెంలా జారి ఉంటుంది, పిల్లల పొడవు చూసి అట్లా కట్టామని డ్రిల్ సార్ అన్నారు. ఆగస్టు 15 ముందు వారం రోజులు స్తంభానికి రంగు వేశారు, కాబట్టి ప్రాక్టీసు లేదు. దేశం తర్వాతే కదా ఏదైనా.

ఇక గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆషాఢం గాలికి ఇక్కడ రేకులే లేచిపోతాయి, షటిల్ బరువేమో అయిదు గ్రాములు అటూ ఇటూ. మా పిల్లలు దానికో లెక్క కనిపెట్టారు. పడమటి గాలికి ఎదురుగా ఉంటే బలమంతా పెట్టి కొట్టాలి, గాలి వీపున ఉంటే రాకెట్టు తాకించి వదిలేస్తే చాలు, పక్క గాలైతే వేపచెట్టు వైపు ఒక బారెడు జరిపి కొట్టాలి, మిగతాది గాలే చూసుకుంటుంది. మూడు నెలల్లో ఈ విద్య ఎంత బాగా వంటబట్టిందంటే, కొట్టే ముందు మా అమ్మాయి షటిల్ వైపు కాదు, వేపాకుల వైపు చూస్తుంది.

ఈకల షటిల్‌లో పదహారు ఈకలుంటాయి. మా ఊరి పొడి గాలికి అవి పెళుసెక్కి రెండు దెబ్బలకే పుటుక్కున విరుగుతాయి. ఆవిరి పట్టిస్తే మెత్తబడతాయని ఎవరో చెప్పారట. అప్పటి నుంచి రోజూ పదకొండింటికి ఒక పిల్ల మూత తీసిన షటిల్ డబ్బా పట్టుకుని మధ్యాహ్న భోజనం వండే చోటికి పోయి నిలబడేది. వంటమ్మ తిడుతూనే అన్నం గుండిగ మూత కాస్త ఎత్తి పట్టేది. ఒకరోజు అన్నం దించేశారని సాంబారు మీద పెట్టారు. సాయంత్రం ఇంటికొచ్చిన మా అమ్మాయి రాకెట్టు మునక్కాయ వాసన.

డ్రిల్ సార్‌ని తప్పు పట్టడానికి లేదు. ఆయన కుర్రతనంలో బాల్ బ్యాడ్మింటన్ ఆడినాయన. పసుపు ఊలు బంతి, పక్కకు అయిదుగురు, ఆరుబయట ఆట. ఆయనకు తెలిసింది ఆయన నేర్పారు, తెలియనిది నేర్పలేదు. అది కూడా నిజాయితీనే.

పోటీలకు పంపే ముందు సభ పెట్టారు. ముఖ్య అతిథి 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ గెలిచిన దగ్గర ఎత్తుకుని, సింధు రియోలో తెచ్చిన రజతం మీదుగా టోక్యో కాంస్యం దాకా వచ్చేసరికి నలభై నిమిషాలు. నలుగురు పిల్లలూ రాకెట్లు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. అతిథికి శాలువా కప్పారు. ఆ శాలువా ఖరీదుకు ఎన్ని షటిల్స్ వస్తాయని అడగడం సంస్కారం కాదు కాబట్టి నేను అడగలేదు, పక్కాయన్ని అడిగాను.

పోటీలు పెట్టింది ఇండోర్ హాల్లో. గుమ్మం దగ్గరే మచ్చలు పడని అడుగున్న బూట్లు కావాలన్నారు. మావాళ్లవి తెల్ల క్యాన్వాస్ బూట్లు, విప్పించారు. నున్నటి నేల మీద ఉత్త కాళ్లతో దిగారు. మొదటి సర్వీస్ అందుకుని మా అమ్మాయి అలవాటుగా పైకి చూసింది. వేపాకుల్లేవు. సరే, లెక్క ప్రకారం బారెడు జరిపి కొట్టింది, షటిల్ బుద్ధిగా కొట్టిన చోటికే పోయి గీత బయట పడింది. మళ్లీ కొట్టింది, మళ్లీ అక్కడే. 21-6, 21-9. మిగతా పిల్లలదీ అదే కథ. మొత్తం ఆట అంతా కలిపినా అతిథి ప్రసంగమంత సేపు లేదు.

"గాలి లేదు నాన్నా, ఎట్ల ఆడేది?" అంది బస్సులో.

న్యాయమైన ప్రశ్న. ఆరుబయట ఆడడానికి వేరే షటిల్‌తో ఎయిర్ బ్యాడ్మింటన్ అని ప్రపంచ సమాఖ్య 2019లో కొత్తగా మొదలుపెట్టింది. కొత్తగానంట! మా బళ్లో మామూలు షటిల్‌తోనే ఎప్పటినుంచో ఆడుతుంటే ఒక్కడూ వచ్చి చూడలేదు. అందుకే నా డిమాండ్ ఒక్కటే: పిల్లలకు హాలు కట్టడం ఎట్లాగూ అయ్యే పని కాదు, కనీసం పోటీలు జరిగే హాళ్ల కిటికీలైనా తీయించండి.

అంతవరకూ మా అమ్మాయి తన ఏర్పాట్లు తను చేసుకుంటోంది. సాయంత్రం కాగానే తలుపులు, కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, గోడకేసి కొడుతోంది. గాలి లేని చోట అలవాటు పడాలట. షటిల్ అందివ్వడానికి నేను బనీనుతో మంచం మీద కూర్చుంటున్నాను. నిన్న చెమట తుడుచుకోవడానికి తువ్వాలు విసిరితే, "గాలి రానీయొద్దు నాన్నా" అని కసురుకుంది.