నౌరు ఆస్తిని తిన్నది ఎవరు?

నౌరు దేశం గురించిన వీడియో ఈ మధ్య మళ్లీ అందరి ఫోన్లలోనూ తిరుగుతోంది. చెప్పే కథ ఎప్పుడూ ఒకటే. పసిఫిక్ మహాసముద్రంలో చిన్న ద్వీపం, భూమిలో దొరికిన ఎరువుల ముడిసరుకు ఫాస్ఫేట్, కష్టపడకుండా వచ్చిపడ్డ డబ్బు, పని మానేసి తిని కూర్చున్న జనం, లావెక్కి తన లంబోర్గినిలోకి తానే దూరలేకపోయిన పోలీసు అధికారి, ఆఖరికి దివాలా. కింద వ్యాఖ్యల్లో మనవాళ్లు వెంటనే మన రాష్ట్రాల సంక్షేమ పథకాల దగ్గరికి వచ్చేస్తారు. ఉచితాలకు అలవాటు పడితే మన గతీ ఇంతేనని తీర్పు చెప్పేస్తారు. వీడియోలోని దుబారా చాలావరకు నిజంగానే జరిగింది, దాన్ని నేను కాదనను. నా అభ్యంతరమల్లా ఆ కథను నౌరుకు స్వాతంత్ర్యం వచ్చిన 1968లో మొదలుపెట్టడం మీదే. అంతకు ముందు అరవై ఏళ్లపాటు ఆ భూమిని తవ్వుకుపోయినవారి పేరు ఎత్తకుండా, మిగిలినదాన్ని ఖర్చు పెట్టినవారిని మాత్రమే నిలబెట్టి నవ్వడం న్యాయం కాదు.

నౌరు విస్తీర్ణం 21 చదరపు కిలోమీటర్లు. జనాభా పన్నెండు వేలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. 1888లో జర్మనీ దాన్ని తన వలస రాజ్యంలో కలుపుకుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు అక్కడి నుంచి తెచ్చిన ఒక రాయి సిడ్నీలోని ఒక వ్యాపార సంస్థ కార్యాలయంలో తలుపు మూసుకోకుండా అడ్డుపెట్టడానికి పనికొచ్చింది. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగికి అనుమానం వచ్చి ఆ రాయిని పరీక్షిస్తే అది మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. 1907 నాటికి ఎగుమతులు మొదలయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఆస్ట్రేలియా సేనలు ద్వీపాన్ని పట్టుకున్నాయి. యుద్ధం ముగిశాక 1919లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రభుత్వాలు తమలో తాము ఒప్పందం చేసుకుని, బ్రిటిష్ ఫాస్ఫేట్ కమిషనర్లు అనే సంస్థ చేతికి గనులను అప్పగించాయి. ఆ భూమి ఎవరిదో వారిని ఎవరూ సంప్రదించలేదు.

ఆ సంస్థ వ్యవహారం లాభాపేక్ష గల కంపెనీ తీరులో ఉండేది కాదు, అసలు తిరకాసంతా అక్కడే ఉంది. ప్రపంచ మార్కెట్టు ధరకు అమ్మి లాభం గడించి ఉంటే అందులో భూయజమానులకు వాటా ఎంతో అడగడానికి ఒక లెక్క ఉండేది. కమిషనర్లు మాత్రం తవ్వకానికీ రవాణాకూ అయిన ఖర్చు మేరకే ధర కట్టి, దాదాపు అసలు ధరకే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ రైతులకు ఫాస్ఫేట్ సరఫరా చేశారు. కనుక లాభం అనేది ఖాతా పుస్తకాల్లో కనిపించదు. అది ఆస్ట్రేలియా గోధుమ దిగుబడిలోనూ, న్యూజిలాండ్ పచ్చిక బయళ్లలోనూ, అక్కడ మేసిన గొర్రెల ఉన్నిలోనూ, మాంసంలోనూ కలిసిపోయింది. నౌరు భూయజమానికి తొలినాళ్లలో ముట్టింది టన్నుకు అర పెన్నీ. ఒక దేశం సొంత మట్టి పొలాలు పండించడానికి మరో రెండు దేశాలకు చవకగా చేరుతుంటే, ఆ దేశ ప్రజలకు దక్కింది అదీ.

తవ్వకం ఎలా జరిగేదో కాస్త దగ్గరగా చూస్తే నష్టం ఎంతో బోధపడుతుంది. నౌరు ఫాస్ఫేట్ పొరలు పొరలుగా పరుచుకుని ఉండదు. ద్వీపం నడిబొడ్డున, స్థానికులు టాప్‌సైడ్ అని పిలిచే ఎత్తైన భాగంలో, పగడపు సున్నపురాయి శిఖరాల మధ్య సందుల్లో కూరుకుని ఉంటుంది. మొదట్లో చైనా నుంచీ ఇతర దీవుల నుంచీ తెచ్చిన కూలీలు గునపాలతో, పారలతో ఆ సందుల్లోకి దిగి తవ్వారు. తర్వాత క్రేన్లు వచ్చాయి. ఒడ్డు దాటగానే సముద్రం నిలువు లోతుకు పడిపోవడం వల్ల ఓడలు లంగరు వేయడానికి చోటు లేక, సరుకు నింపేందుకు సముద్రం మీదికి చాచిన భారీ ఉక్కు చేతులను కట్టారు. తవ్వగా మిగిలినవి ఆ సున్నపురాతి మొనలే. మనిషిని మించిన ఎత్తున, ఒకదాని పక్కన ఒకటి, మధ్యలో గోతులతో, కోసుకుపోయే అంచులతో నిలబడి ఉంటాయి. ఎండకు అవి కాలిపోతుంటాయి, మొక్క నాటుదామంటే మట్టి లేదు, ఇల్లు కడదామంటే చదును లేదు. మొత్తం ద్వీపంలో ఎనభై శాతం వరకు ఇలా పాడైందని అంచనా. జనం తీరం వెంబడి ఉన్న సన్నని పట్టీలోనే బతుకుతున్నారు.

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ ఈ ద్వీపాన్ని ఆక్రమించి 1,200 మంది నౌరువాసులను కూలి పనికి చుక్ దీవులకు తరలించింది. 1946 జనవరి 31న ప్రాణాలతో తిరిగివచ్చినవారు 737 మంది. ఇంత జరిగాక కూడా గనుల పాత యాజమాన్యమే మళ్లీ వచ్చి కూర్చుంది. 1960లలో ఆస్ట్రేలియా ఒక ఉపాయం చెప్పింది: ఎలాగూ ఈ ద్వీపం నివాసానికి పనికిరాకుండా పోతుంది కనుక జనమంతా క్వీన్స్‌లాండ్ తీరంలోని కర్టిస్ దీవికి తరలిపోవచ్చునని. తమ దేశాన్ని తాము ఏలుకునే హక్కు అక్కడ దక్కదని గ్రహించి, హామర్ డి రోబర్ట్ నాయకత్వంలో నౌరువాసులు ఆ ప్రతిపాదనను తోసిపుచ్చారు. చుక్ నుంచి తిరిగివచ్చిన తేదీనే ఎంచుకుని, 1968 జనవరి 31న, స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. తమ గనులను తాము తిరిగి పొందడానికి 2.1 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు చెల్లించారు. వీడియోల్లో కనిపించని మాట ఇది: తమ భూమిని తవ్విన యంత్రాలకు డబ్బు కట్టింది కూడా నౌరువాసులే.

ఇక ఆ తర్వాతి కథలో నాయకులను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. ఫాస్ఫేట్ అయిపోతుందని అందరికీ తెలుసు. అందుకే రాయల్టీల ట్రస్టు పెట్టారు, ఒక దశలో దాని విలువ వంద కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు దాటింది. ఆ డబ్బుతో 1977లో మెల్‌బోర్న్‌లో 52 అంతస్తుల నౌరు హౌస్ కట్టారు, హోటళ్లు కొన్నారు, ప్రయాణికులు లేని విమానాలు నడిపారు, 1993లో లండన్‌లో ఒక సంగీత నాటకానికి పెట్టుబడి పెట్టి పోగొట్టుకున్నారు. 1989 నుంచి 2003 మధ్య పదిహేడు సార్లు పాలన చేతులు మారింది. చివరికి అప్పులవాళ్లు 2004లో నౌరు హౌస్‌ను అమ్మించారు, మరుసటి ఏడాది మిగిలిన ఒక్క విమానాన్నీ పట్టుకుపోయారు. తాత ఇచ్చిన పొలం అమ్మి పేకాట ఆడిన మనవడని ఎవరైనా వీరిని తిడితే నేను అడ్డు చెప్పను. అయితే మనవడి చేతికి వచ్చేసరికే ఆ పొలంలో మూడో వంతు పైగా మేటి మట్టిని పక్కూరివాళ్లు బళ్లకెత్తుకుపోయారన్న సంగతి తిట్టేవారు మరిచిపోతున్నారు.

ఆ లెక్క తేల్చమని నౌరు 1989లో హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానానికి వెళ్లింది. అంతకు ముందే శ్రీలంక న్యాయకోవిదుడు సి.జి. వీరమంత్రి అధ్యక్షతన ఒక విచారణ సంఘం వేసి, పాడైన భూమిని బాగుచేసే బాధ్యత ఎవరిదో రాయించి పెట్టుకుంది. ఈ కేసు తన పరిధిలోకి రాదన్న ఆస్ట్రేలియా ప్రధాన అభ్యంతరాలను న్యాయస్థానం 1992లో కొట్టివేసింది. అసలు విషయంపై తీర్పు రాకముందే, 1993లో ఆస్ట్రేలియా కోర్టు బయట రాజీ చేసుకుంది. మొత్తం 10.7 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు, అందులో దాదాపు సగం ఇరవై ఏళ్ల వాయిదాల మీద. మిగతా ఇద్దరు భాగస్వాములు చెరో 1.2 కోట్లు ఆస్ట్రేలియాకు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. ఈ అంకె గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

మట్టి అయిపోయిన దేశం ఆ తర్వాత ఏం అమ్ముకోగలదు? తన సార్వభౌమత్వాన్ని ముక్కలు ముక్కలుగా అమ్ముకోగలదు. నౌరు చేసింది అదే, కొన్నవారు ఎవరో చూస్తే నవ్వు ఆగిపోతుంది. 1990లలో అది బ్యాంకు లైసెన్సులు అమ్మింది. ఒకే ఒక్క తపాలా పెట్టె చిరునామాతో వందల బొమ్మ బ్యాంకులు నమోదయ్యాయి. 1998లో రష్యా నుంచి దాదాపు 7,000 కోట్ల డాలర్లు ఆ దారిన పోయాయని రష్యా కేంద్ర బ్యాంకు అధికారే ప్రకటించారు. ఆ డబ్బు దాచుకున్నవారు నౌరువాసులు కారు. తరువాత దౌత్య గుర్తింపు అమ్మకానికి వచ్చింది: 2002లో తైవాన్‌ను వదిలి చైనా వైపు, 2005లో మళ్లీ తైవాన్ వైపు, 2024 జనవరిలో మళ్లీ చైనా వైపు. 2009లో జార్జియా నుంచి విడిపోయిన అబ్‌ఖాజియా, దక్షిణ ఒసేటియాలను దేశాలుగా గుర్తించింది. అందుకు రష్యా నుంచి ఐదు కోట్ల డాలర్ల సహాయం కోరిందని అప్పట్లో రష్యా పత్రికలు రాశాయి.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది జైలు వ్యాపారం. 2001లో సముద్రంలో మునిగిపోతున్న శరణార్థులను రక్షించిన టాంపా అనే నార్వే ఓడను ఆస్ట్రేలియా తన తీరానికి రానివ్వలేదు. వారిలో చాలామందిని నౌరుకు పంపి, అక్కడ నిర్బంధ శిబిరం తెరిచింది. దాన్ని 2008లో మూసి 2012లో మళ్లీ తెరిచారు. అక్కడ పిల్లల మీద జరిగిన దాడులు, ఆత్మహత్యా యత్నాలు నమోదు చేసిన రెండు వేలకు పైగా అంతర్గత నివేదికలను 2016లో గార్డియన్ పత్రిక బయటపెట్టింది. విలేకరులు వచ్చి చూడకుండా నౌరు ప్రభుత్వం 2014లో పాత్రికేయుల వీసా రుసుమును 200 డాలర్ల నుంచి ఒకేసారి 8,000 డాలర్లకు పెంచింది. వీసా రాకపోయినా ఆ డబ్బు తిరిగి ఇవ్వరు. 2025లో కొత్త బేరం కుదిరింది. నిరవధిక నిర్బంధం చెల్లదని ఆస్ట్రేలియా హైకోర్టు (అక్కడ అదే అత్యున్నత న్యాయస్థానం) తీర్పు ఇవ్వడంతో విడుదలైన సుమారు 350 మంది విదేశీయులను నౌరు తీసుకునేట్టు, అందుకు ఆస్ట్రేలియా మొదట 40.8 కోట్ల డాలర్లు, తర్వాత ఏటా దాదాపు ఏడు కోట్లు ఇచ్చేట్టు. ఇప్పుడు పై అంకెను పక్కన పెట్టి చూడండి. ఒక దేశపు భూమిని దశాబ్దాల తరబడి తవ్వుకుపోయినందుకు 10.7 కోట్లు, తమకు అక్కర్లేని 350 మందిని అదే దేశంలో దించినందుకు మొదటి చెల్లింపే దానికి దాదాపు నాలుగింతలు. డబ్బు లేక ఇవ్వలేదనే వాదన ఇక చెల్లదు.

మనకు నేరుగా సంబంధం ఉన్నది సముద్రగర్భం వ్యవహారం. పసిఫిక్ అడుగున, నాలుగు కిలోమీటర్లకు పైగా లోతున, బంగాళాదుంపలంత లోహపు ముద్దలు పరుచుకుని ఉన్నాయి. నికెల్, కోబాల్ట్, రాగి, మాంగనీసు ఉన్న ఈ ముద్దలు పది లక్షల ఏళ్లకు కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. అంతర్జాతీయ జలాల్లో తవ్వాలంటే ఏదో ఒక దేశం పూచీ పడాలి. కెనడాకు చెందిన ది మెటల్స్ కంపెనీకి ఆ పూచీ ఇచ్చింది నౌరు. నష్టం జరిగితే బాధ్యత తన నెత్తిన ఎంతవరకు పడుతుందో తెలియక మొదట్లో నౌరే ప్రశ్న లేవనెత్తింది. చిన్న దేశమైనా బాధ్యతలో తేడా ఉండదని 2011లో సముద్ర న్యాయ ట్రిబ్యునల్ చెప్పింది. అయినా 2021లో, రెండేళ్లలో తవ్వకాల నిబంధనలు పూర్తి చేయాలని జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని అంతర్జాతీయ సముద్రగర్భ సంస్థ మీద ఒత్తిడి తెచ్చింది కూడా నౌరే. 2025లో అమెరికా సొంత చట్టం కింద అనుమతులిస్తామనగానే ఆ కంపెనీ అటు తిరిగింది.

భారతదేశం ఈ ఆటలో ప్రేక్షకుడు కాదు. మధ్య హిందూ మహాసముద్రంలో 75,000 చదరపు కిలోమీటర్ల మేర ఇవే ముద్దల అన్వేషణకు మనకు 2002 నుంచి ఒప్పందం ఉంది. 2021లో కేంద్రం 4,077 కోట్ల రూపాయలతో డీప్ ఓషన్ మిషన్‌ను ఆమోదించింది; చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ మత్స్య 6000 అనే సముద్రగర్భ వాహనాన్ని తయారుచేస్తోంది. శాస్త్రపరిశోధనగా దాన్ని మెచ్చుకుంటాను. కానీ పసిఫిక్ అడుగున 1979లో ప్రయోగాత్మకంగా తవ్విన చాళ్లు నాలుగు దశాబ్దాల తర్వాత కూడా చెరిగిపోలేదని తేలినప్పుడు, తవ్వకాలను ఆపాలనో వాయిదా వేయాలనో ముప్పైకి పైగా దేశాలు అడుగుతున్నప్పుడు, మన వైఖరి ఏమిటో పార్లమెంటులో చర్చ జరగాలి. డీఏపీ బస్తా కోసం వరుసలో నిలబడే మన రైతుకు ఫాస్ఫేట్ విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. విశాఖ, కాకినాడ ఎరువుల కర్మాగారాలకు ఆ ముడిసరుకు ఇప్పటికీ విదేశాల నుంచే వస్తుంది. దాన్ని తవ్విన చోట ఏం మిగులుతుందో కూడా మనమే అడగాలి.

నౌరు ఇప్పుడు పౌరసత్వం అమ్ముతోంది. 2025లో ఈ పథకం మొదలైనప్పుడు పాస్‌పోర్టు ధర కనీసం 1,05,000 అమెరికా డాలర్లు. సముద్రమట్టం పెరుగుతున్నందున తీరపు పట్టీలోని జనాన్ని ఎత్తైన చోటికి తరలించడానికే ఈ డబ్బు అని ప్రభుత్వం చెబుతోంది. ఆ ఎత్తైన చోటు టాప్‌సైడే. అంటే కోసుకుపోయే ఆ సున్నపురాళ్లను చదును చేసి, మట్టి పోసి, నీళ్లు తెచ్చి ఊళ్లు కట్టాలి. ఆ ఖర్చు పాస్‌పోర్టు కొనుక్కునే అపరిచితుల జేబులోంచి రావలసిన పని ఏమిటి? ఆ మట్టిని తవ్వించుకుపోయిన మూడు ప్రభుత్వాలు, జైలు అద్దెగా కాకుండా, షరతులు లేని బాకీగా దాన్ని చెల్లించాలి. బదులుగా ఆస్ట్రేలియా 2024 డిసెంబరులో కుదుర్చుకున్న ఒప్పందంలో పది కోట్ల డాలర్ల బడ్జెట్ సహాయం ఇస్తానంటూనే, భద్రత, బ్యాంకింగ్, టెలికమ్యూనికేషన్ల విషయంలో నౌరు మరే దేశంతో చేతులు కలపాలన్నా తన సమ్మతి ఉండాలని రాయించుకుంది.