వాగు బండ మీది పక్కుకు తెలుగులో వివరణ రాయాలి

మా అవ్వ చిత్తూరు నుంచి బెంగళూరు వచ్చినప్పుడు లాల్‌బాగ్ బండ ఎక్కించాను. సుమారు 300 కోట్ల ఏళ్ల వయసున్న ఆ నైస్ శిల మీద, గుండ్రంగా మొదలై అంచులు వెలుపలికి పాకుతున్న బూడిదరంగు మచ్చలను చూసి ఆవిడ, "ఈ బండకు తామర పట్టినట్టుంది కదమ్మా" అంది. ఇరవై ఏళ్లుగా వృక్షశాస్త్రం చెబుతున్న నాకు ఆ మాట ఇప్పటికీ మనసులో నుంచి పోలేదు. ఆ మచ్చలు లైకెన్లు, అంటే శిలీంధ్రం (బూజు వంటిది), శైవలం (నాచు వంటిది) కలిసి బతికే జీవులు. లైకెన్ అన్న పేరుకు మూలమైన గ్రీకు మాటకు కూడా సరిగ్గా ఆ రెండు అర్థాలే ఉన్నాయి: చెట్టుకో రాతికో పట్టేది ఒకటి, ఒంటి మీద లేచే తామర వంటిది రెండవది. గ్రీకు ఒక్క అక్షరం రాని ముసలావిడ తన కంటితో చూసి అదే పోలికకు చేరుకుంది.

ఈ సంగతి ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. కర్ణాటకలోని కొడగులో ఒక వాగు ఒడ్డు అడవిలో రాళ్లకు అతుక్కుని పొరలా పెరిగే క్రస్టోజ్ లైకెన్ గురించి నేను రాసిన వ్యాసాన్ని ఒక పత్రిక వెనక్కి పంపింది. మాటలు మరీ ఇంటి మాటల్లా ఉన్నాయని, వాటి స్థానంలో సంస్కృత సమాసాలైనా పెట్టాలని, లేదా ఇంగ్లీషు పదాలనే ఉంచాలని వారి సూచన. నేను దీన్ని ఒప్పుకోలేను. ఒక జీవజాతిని వర్ణించడం అంటే, దాన్ని చూడని మనిషి రేపు ఆ వాగు దగ్గరికి వెళ్లి గుర్తుపట్టగలిగేలా రాయడం. ఆ పనికి ఇంటి మాట కన్నా పదునైనది లేదు.

శాస్త్రం వాడే లాటిన్, గ్రీకు మాటలు మాత్రం ఎక్కడివి? నీటి ఒడ్డు రాళ్ల మీద ఎక్కువగా కనిపించే వెరుకేరియా అన్న ప్రజాతి పేరు లాటిన్‌లో పులిపిరి అన్న మాట నుంచి వచ్చింది. చీలికలున్న లైకెన్‌ను వర్ణించే రైమోస్ అన్న పదం వెనక ఉన్నది పగులు. ఆ పగుళ్ల మధ్య మిగిలే ముక్కకు వాడే ఏరియోల్ అంటే చిన్న ఖాళీ జాగా. సిద్ధబీజాలు (స్పోర్లు) ఉండే ఆస్కస్ అంటే గ్రీకులో తోలు తిత్తి. అవన్నీ ఒకప్పటి రైతుల, వైద్యుల, ద్రాక్షసారా అమ్మేవాళ్ల మాటలే. మనకు పులిపిరి ఉంది, నెర్రె ఉంది, మడి ఉంది, తిత్తి ఉంది. వాటిని చిన్నచూపు చూసి, ఎవరి నోటా పలకని సమాసాన్ని కొత్తగా కట్టడం నాకు అర్థం కాని పని.

క్రస్టోజ్ అన్నదానికి నేను పక్కు అని రాశాను. పత్రికవారు పెచ్చు అని మార్చారు. ఈ రెండింటి మధ్య తేడా చిన్నది కాదు. పెచ్చు ఊడి వస్తుంది. పక్కు పుండును పట్టుకుని ఉంటుంది, లాగితే కింది చర్మం కూడా లేస్తుంది. ఈ లైకెన్ సరిగ్గా అలాంటిదే. బిర్యానీలో వేసే రాతిపువ్వు, ఇక్కడి కన్నడిగులు కల్లు హూవు అనేది, కూడా లైకెనే గాని ఆకులా అంచులు లేచి ఉంటుంది కాబట్టి చేత్తో ఒలవవచ్చు. పక్కు లైకెన్ కావాలంటే సుత్తి, ఉలి పట్టుకుని రాతి పలుకుతో సహా తీయాలి. వీటిలో చాలావాటి పెరుగుదల ఏడాదికి 1 మిల్లీమీటరు కూడా ఉండదు కనుక, అటవీశాఖ అనుమతి చేతిలో ఉన్నా, అరచేతిలో నాలుగో వంతుకు మించి తీయకూడదని నా విద్యార్థులకు గట్టిగా చెబుతాను.

ఆ కొడగు రాతి మీది పక్కును నేను ఇలా వర్ణించాను. పలచని పక్కు, తడిగా ఉన్నప్పుడు ముదురాకుపచ్చ, ఆరితే బూడిద కలిసిన గోధుమరంగు. ఎండిన చెరువు అడుగులా నెర్రెలు బారి మడులు మడులుగా విడిపోయి ఉంటుంది. ఒక్కో మడి అర మిల్లీమీటరు లోపే. మడుల్లో గసగసాల గింజలో సగం కూడా ఉండని నల్లని పొక్కులు, సగం మునిగి సగం తేలి, నడినెత్తిన సూది మొనంత రంధ్రంతో ఉంటాయి. నిలువుగా కోసి చూస్తే ఒక్కో పొక్కు సన్నని మూతి ఉన్న కూజా. కూజాలో తిత్తులు, తిత్తికి ఎనిమిది సిద్ధబీజాలు. పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసినా, బ్లీచింగ్ ద్రావణం వేసినా రంగు మారలేదు. 1866లో ఫిన్లాండ్ వృక్షశాస్త్రవేత్త నైలాండర్ మొదలుపెట్టిన ఈ చుక్కల పరీక్షలో రంగు మారకపోవడం కూడా ఒక లక్షణమే, తప్పకుండా రాయవలసిందే.

పై చూపుకు వెరుకేరియా పోలికలోనే ఉండే పోరినా అనే మరో ప్రజాతి అవే వాగుల్లో ఉంటుంది. అందుకే సూక్ష్మదర్శిని లేకుండా పేరు పెట్టడాన్ని నేను ఒప్పుకోను. వెరుకేరియా సిద్ధబీజం సాధారణంగా ఒకే గది, పోరినాలో అడ్డుగోడలుంటాయి. పోరినాలో కాపురముండే శైవలం ట్రెంటిపోలియా, దాని కణాల్లో నారింజరంగు చుక్కలు కనిపిస్తాయి. సిద్ధబీజం పొడవు 20 మైక్రోమీటర్లంటే, 1 మిల్లీమీటరులో అలాంటివి 50 వరసగా పడతాయి. ఆ కొలత ఒకటి రెండు కాదు, కనీసం పాతిక ముప్ఫై బీజాలకు తీసుకోవాలి. లైకెన్‌లో శిలీంధ్రం, శైవలం కలిసి ఉంటాయని స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రవేత్త ష్వెండెనర్ 1867లో చెబితే చాలామంది ఏళ్ల తరబడి నమ్మలేదు. ఇవాళ నియమం ప్రకారం లైకెన్ పేరు దానిలోని శిలీంధ్రానికే చెందుతుంది.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇంకొకటి. మా దగ్గర ఒక పాత పొట్లం ఉంది. చక్కని నమూనా, చక్కని కోత, మీద రాసినది మాత్రం "కొడగు, రాతి మీద" అని అంతే. ఆ రాయి ఏడాది పొడుగునా నీటిలో మునిగి ఉండేదా, నీటి తుంపరలు మాత్రమే తగిలేదా, వానాకాలపు వరదకే తడిసేదా? పైన చెట్ల నీడ ఎంత దట్టం? రాయి నైసా, గ్రానైటా? వాగు పక్కు లైకెన్‌కు బతుకంతా ఆ నీటి గీతలోనే ఉంది; ఒక జానెడు కిందకో పైకో పోతే అక్కడ వేరే జాతి ఉంటుంది. ఒడ్డు చెట్లు కొట్టేస్తే, వాగుకు అడ్డుకట్ట వేస్తే, మొదట పోయేది ఆ గీత. అది రాయని వివరణ నాకు సగం వివరణ.

కొత్త జాతి పేరు చెల్లాలంటే వివరణ లాటిన్‌లోనో ఇంగ్లీషులోనో ఉండాలని నాకు తెలుసు. 2011 చివరి దాకా లాటిన్ ఒక్కటే చెల్లేది, 2012 జనవరి 1 నుంచి ఇంగ్లీషును కూడా ఒప్పుకున్నారు. ఆ నియమాన్ని కాదనను. ఇంగ్లీషు వివరణ పక్కన తెలుగు వివరణను పది వాక్యాల్లో రాయడానికి మాత్రం ఏ నియమమూ అడ్డురాదు. బెంగళూరులోనూ చెన్నైలోనూ ప్రయోగశాలల్లో పనిచేస్తున్న తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు, వారు ఈ పని పూనుకోవాలని కోరుతున్నాను.

నా వివరణలో ఒక్క మాట దగ్గర మాత్రం నాకు తృప్తి లేదు. ఆ నల్లనివాటిని పొక్కులన్నాను గాని, పొక్కు మెత్తన, ఇవి గట్టివి. పులిపిరి అనాలంటే ఇవి అంత పైకి లేవవు. మీ ఊరి వాగు బండల మీద ఇలాంటివి చూసి ఉంటే, మీ ఇంట్లో పెద్దవాళ్లు వాటిని ఏమంటారో అడిగి, ఊరి పేరుతో సహా కింద రాయండి.