అద్దాల మేడల పక్షాన ఒక అభ్యంతర పత్రం

ఆఫీసులు, మాల్స్, హోటళ్లు, ఆసుపత్రుల లాంటి పెద్ద భవనాల్లో కరెంటు వృథా కాకూడదంటూ 2007లో కేంద్రం ఒక నియమావళి తెచ్చింది. పేరు ఈసీబీసీ, అంటే ఎనర్జీ కన్జర్వేషన్ బిల్డింగ్ కోడ్. రాష్ట్రాలు నోటిఫై చేసేదాకా పాటించడం స్వచ్ఛందమన్నారు కాబట్టి చాలామంది స్వచ్ఛందంగానే దాన్ని పక్కన పెట్టారు. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. 2017లో దాన్ని సవరించారు. 2022లో దీనికి మూలమైన ఇంధన పొదుపు చట్టాన్నే సవరించారు. 2024లో నీళ్లు, వ్యర్థాల సంగతి కూడా కలిపి ఇంకో కొత్త నియమావళి బయటికి తీశారు. దీన్ని తమ వాతావరణానికి తగ్గట్టు మార్చుకుని అమలు చేసుకోవడం ఇప్పుడు రాష్ట్రాల వంతు. ఇంకా మౌనంగా ఉంటే ఒప్పుకున్నామని అనుకునే ప్రమాదం ఉంది గనుక, బాధ్యత గల పౌరులుగా మా అభ్యంతరాలు సమర్పిస్తున్నాం.

అన్నిటికన్నా బాధ కలిగించేది అద్దం మీద ఆంక్ష. నిర్దేశిత పద్ధతిలో, అంటే ఒక్కో భాగానికి పెట్టిన హద్దును విడివిడిగా పాటిస్తూ వెళ్లే భవనానికి బయటి గోడల విస్తీర్ణంలో కిటికీల వాటా 40 శాతం దాటకూడదట. దాటాలనుకుంటే లెక్కలు కట్టి, పొదుపు తగ్గలేదని నిరూపించుకోవాలట. అద్దం ఎంత మందికి అన్నం పెడుతోందో ఈ నిబంధన రాసినవారు ఆలోచించలేదు. పడమటి వైపు నేల నుంచి కప్పు దాకా అద్దం బిగిస్తాం. మధ్యాహ్నం ఎండ నేరుగా లోపలికి వచ్చి కూర్చుంటుంది. దాన్ని బయటికి పంపడానికి పెద్ద ఏసీ కావాలి. కంప్యూటర్ తెర కనబడటం లేదని ఉద్యోగులు గోల పెడితే కిటికీలకు తెరలు కావాలి. తెరలు దించాక చీకటి కనుక పట్టపగలు దీపాలు కావాలి. దీపాల వేడికి ఏసీ ఇంకాస్త పెద్దది కావాలి. ఆ ఏసీ కోసం ట్రాన్స్‌ఫార్మర్, అది పోతే జనరేటరు, దానికి డీజిలు. ఒక్క అద్దంతో ఇంత ఆర్థిక వ్యవస్థ నడుస్తుంటే, కిటికీ మీద చూరు దించండి, గోడ మందంగా కట్టండి, కప్పుకు తెల్ల రంగు వేయండి అని సలహాలు! చూరున్న భవనాన్ని చూసి పెట్టుబడిదారు ఏమనుకుంటాడు? ఇక్కడి ఎండ సంగతి మనకు తెలుసని అనుకుంటాడు. అంతకన్నా అప్రతిష్ఠ ఏముంది? (ఆ అద్దంలోంచి కనిపించేది ఎదురుగా ఉన్న ఇంకో అద్దమే. అది వేరే సంగతి.)

నియమావళి మనల్ని పూర్తిగా అపార్థం చేసుకుందని మాత్రం అనలేం. మొత్తం భవనం పనితీరును లెక్కగట్టే పద్ధతి అందులో ఒకటుంది. మన భవనానికి అదే విస్తీర్ణంతో, నియమాలన్నీ బుద్ధిగా పాటించే ఊహా భవనం ఒకదాన్ని కంప్యూటర్‌లో కట్టి, ఏడాదికి అది ఎంత కరెంటు తాగుతుందో, మనది ఎంత తాగుతుందో పోల్చి చూస్తారు. మనది మించకపోతే చాలు. ఎంతో సభ్యమైన పద్ధతి. కంప్యూటర్‌లో ఆదివారం ఎవరూ ఏసీ వేయరు, తలుపు తెరిచి వదిలేయరు, ఫిల్టరు కడగడం మరిచిపోరు. కాగితం మీద మనవాళ్లంత క్రమశిక్షణ గల జాతి ఇంకొకటి లేదు.

ఇక హద్దు సంగతి. కనెక్టెడ్ లోడు (భవనంలోని పరికరాలన్నిటి మొత్తం సామర్థ్యం) 100 కిలోవాట్లు గాని, ఒప్పంద డిమాండు (కరెంటు సంస్థతో ఒప్పుకున్న గరిష్ఠ వాడకం) 120 కేవీఏ గాని, అంతకు మించి గాని ఉన్న భవనాలకు ఈ నియమాలు వర్తిస్తాయి. దానివల్ల 99 కిలోవాట్ల భవనం మీద మనవాళ్లకు ప్రత్యేకమైన మమకారం ఏర్పడటం సహజం. ఇప్పుడు రాష్ట్రాలు కావాలంటే ఆ హద్దును ఇంకా కిందికి దించవచ్చని 2022 సవరణ చెబుతోంది. ఇంజనీర్ల కూడిక, తీసివేత నైపుణ్యానికి ఇది అనవసరమైన పరీక్ష.

ఉష్ణోగ్రత విషయంలో మా వేదన ఇంకా లోతైనది. స్టార్ గుర్తున్న గది ఏసీలు 2020 నుంచి 24 డిగ్రీల దగ్గరే మొదలవ్వాలన్నారు. సహించాం, రిమోటు మన చేతిలోనే ఉంది కదా అని. 2025 జూన్‌లో కేంద్ర మంత్రి, ఏసీలను 20 నుంచి 28 డిగ్రీల మధ్యకే పరిమితం చేసే ఆలోచన ఉందన్నారు. 18 డిగ్రీల సమావేశ మందిరంలో స్వెటర్ వేసుకుని, వేడి టీ పట్టుకుని వాతావరణ మార్పు మీద ప్రసంగం వినే హక్కును ఏ అధికారంతో తీసేస్తారు? బయట 42 డిగ్రీలున్నప్పుడు లోపల వణకడం హోదా. హోదాను డిగ్రీల్లో కొలిచే సౌకర్యం మళ్లీ ఎక్కడ దొరుకుతుంది?

దీపాల సెన్సార్ల మీద మా అభ్యంతరం మానవీయ కోణంలోనిది. పెద్ద భవనాల్లో సమావేశ గదుల వంటి చోట్ల మనుషులు వెళ్లిన 15 నిమిషాల్లోపు దీపాలు వాటంతటవే ఆరిపోవాలట. కదలికను పసిగట్టే యంత్రానికి మనుషులు లేరని తెలియడం మంచిదే. మూడో గంటలోకి ప్రవేశించిన సమీక్షా సమావేశంలో, నిండుగా జనం ఉండగానే, కదలిక లేదని అది దీపాలు ఆర్పేస్తే సంస్థ పరువేం కావాలి?

అసలు ప్రమాదం మీటర్లతో. పెద్ద భవనాల్లో కరెంటు వాడకాన్ని నమోదు చేసే మీటర్లను శాశ్వతంగా బిగించాలని నియమావళి అంటోంది. ఇంతవరకు నెలకొక బిల్లు వచ్చేది, అద్దెదారులంతా చదరపు అడుగుల చొప్పున పంచుకునేవారు, నిట్టూర్చేవారు, కట్టేవారు. ఎవరి మీదా ఎవరికీ అనుమానం ఉండేది కాదు. గంట గంటకూ లెక్క రాస్తే ఆదివారం రాత్రి రెండు గంటలకు ఖాళీ అంతస్తు ఎంత చల్లగా ఉందో తేలిపోతుంది. ఆ తర్వాత ఎవరో ఒకరు స్విచ్చి దగ్గరికి నడవాలి. కాబట్టి మీటర్లు తప్పనిసరే అయితే బిగించుకుంటాం, రిబ్బను కూడా కత్తిరిస్తాం. వాటిని చదవడం మాత్రం స్వచ్ఛందంగా ఉంచాలని సవినయంగా కోరుతున్నాం.