క్రిసాలిస్ పేరులోని బంగారం అతిశయోక్తి కాదు
సీతాకోకచిలుక ప్యూపాను (గొంగళిపురుగు కవచంలో ఒదిగి సీతాకోకచిలుకగా మారే దశను) ఇంగ్లిషులో క్రిసాలిస్ అనడానికి మూలం బంగారమనే అర్థమున్న గ్రీకు పదం ‘క్రుసోస్’ అని, బంగారం పేరున్న జీవుల గురించి నేను చదివిన ఒక వ్యాసంలో చెప్పినది సరైనదే గాని, ఆ పేరు ఒట్టి అతిశయోక్తి అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించలేను. గోధుమ రంగు రెక్కల మీద తెల్లని చుక్కలుండే కామన్ క్రో సీతాకోకచిలుక మా పెరటి గన్నేరు మీద గుడ్లు పెడుతుంది. దాని ప్యూపాలు ఆకుల అడుగున, మెరుగు పెట్టిన జూకాల్లా, పక్కనున్న ఆకు అంచు కూడా వంకరగా ప్రతిబింబించేంత నునుపుగా వేలాడుతుంటాయి. ఆ మెరుపుకు కారణం పసుపు రంగు పదార్థం కాదు, ప్యూపా కవచంలో ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే అతి పలుచని పొరలు కాంతిని పరావర్తనం చేయడమే. అందుకే సీతాకోకచిలుక ఎగిరిపోయాక మిగిలే డొల్లలో ఆ పసిడి ఛాయ కనిపించదు. నిజమే, అన్ని జాతుల ప్యూపాలూ ఇలా ఉండవు, చాలావరకు ఆకుపచ్చగానో ఎండుటాకు రంగులోనో ఉంటాయి. అతిశయోక్తి అనదలచుకుంటే గోల్డెన్ ఈగిల్‌ను అనవచ్చు: అక్విలా క్రైసేటస్ అన్న దాని శాస్త్రీయనామంలోనూ బంగారమే ఉన్నా, ముదురు గోధుమ రంగులో ఉండే ఆ పక్షికి తల, మెడ వెనుక ఈకలు మాత్రమే పసిడి రంగులో ఉంటాయి. గ్రీకులో ‘బంగారు పువ్వు’ అనే అర్థమున్న క్రిసాంథిమమ్ విషయంలో మాత్రం వ్యాసకర్తతో నాకు పేచీ లేదు, మన పచ్చ చామంతికి ఆ పేరు చక్కగా నప్పుతుంది.