‘ఓ చూపు చూసెళ్ళండి’ గారికి ఒక ఫిట్టరు ఉత్తరం

మహారాజశ్రీ ‘ఓ చూపు చూసెళ్ళండి’ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలనే ఉంది. మీ కుశలానికి లోటేమీ లేదని రోజూ చూస్తూనే ఉన్నాను. నా కుశలం సంగతి మా ఆవిడని అడిగి రాయాలి. నేను ఇంటికెళ్ళేసరికి ఆవిడ నిద్రలో ఉంటుంది కాబట్టి ఆ ముక్క తర్వాత రాస్తాను.

మన పరిచయం ఇరవై రెండేళ్ళది. నరసాపురం పక్కన ఒక రైస్‌మిల్లులో నేను ఫిట్టర్ని. మీ హోదా ఏమిటో ఇప్పటికీ తెలీదు గానీ, హాజరు మాత్రం నాకన్నా మీదే బాగుంది. పొద్దున్న ఎప్పుడూ రారు. భోజనాల వేళ కనపడరు. ఆరింటికి నేను డ్యూటీ దిగాలంటే, ఐదూ యాభైకి, కిరసనాయిలు గుడ్డతో గ్రీజు తుడిచి, సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కున్నాక, అప్పుడు దయచేస్తారు. శుభ్రంగా ఉన్న చేతులంటే మీకంత పగేమిటండీ?

మీ మర్యాదకి మాత్రం వంక పెట్టలేను. పొద్దున్న తొమ్మిదింటికి మేనేజరు గారికి నేను ‘ఏవయ్యా’ని. మధ్యాహ్నం రెండింటికి కూడా ఏవయ్యానే. ఐదూ యాభైకి, మీరు ఆయన నోట్లో చేరగానే, ‘ఫిట్టరు గారూ’ అయిపోతాను. ‘ఫిట్టరు గారూ, వెళ్ళిపోతున్నారా? పర్లేదు పర్లేదు. దార్లోనే కదా, ఆ ఎలివేటరు ఓ చూపు చూసెళ్ళండి.’ గారు అనే రెండక్షరాలు వినపడితే చాలు, నా గుండెల్లో రాయి పడుతుంది. ఎవరైనా పెళ్ళిలో గౌరవంగా పలకరించినా చెయ్యి పానా కోసం జేబులోకి పోతోంది.

పోనీ, అది చూపేనా? చూపంటే కళ్ళతో అయ్యే పని. మీ చూపుకి 24 నంబరు స్పానరు, బేరింగు పుల్లరు, సమ్మెట, టార్చిలైటు, ఇద్దరు కుర్రాళ్ళు, మూడున్నర గంటలు కావాలి.

ఒక్క రోజు సంగతి చెబుతాను. మొన్న మాఘమాసం, శుద్ధ దశమి. అంతర్వేదిలో నరసింహస్వామి కల్యాణం ఆ రాత్రే. మాది సఖినేటిపల్లి, అంటే అంతర్వేది మా మండలమే. ఎక్కడో హైదరాబాదు నుంచి జనం వచ్చి చూసిపోయే కల్యాణాన్ని నేను మూడేళ్ళుగా చూడలేదు. ఈసారి తీసుకెళ్తానని మా అమ్మాయికి మాటిచ్చాను. అందుకే ఆ రోజు పొద్దున్న పదింటికే మిల్లంతా ఓ చుట్టు తిరిగాను. ధాన్యాన్ని పైకి ఎత్తే ఎలివేటరుకి అడుగున ఉండే పెట్టె, అదే బూటు, దాని దగ్గర బేరింగు సన్నగా కుయ్యోమంటోంది. హౌసింగు మీద చెయ్యి వేసి చూశాను. మామూలుగా అయితే ఎంతసేపైనా చెయ్యి ఉంచొచ్చు. ఆ రోజు మూడు లెక్కపెట్టేలోపు తీసేయాల్సొచ్చింది. గ్రీజు నల్లబడి అంచున కారుతోంది, మాడిన వాసన. వెంటనే వెళ్ళి చెప్పాను: ‘ఇది సాయంత్రం దాకా ఆగదండి. భోజనాల టైములో మిల్లు ఆపితే గంటలో మార్చేస్తాను.’

‘సాయంత్రం చూద్దాంలేవయ్యా’ అన్నారు.

బేరింగుకి ఆ మాట వినపడిందో ఏమో, చెప్పినట్టే సాయంత్రం దాకా ఆగింది. ఐదూ యాభైకి పట్టేసింది. తర్వాత మీరొచ్చారు. మీరెప్పుడూ ఒంటరిగా రారు కదా, చుట్టాలతో వస్తారు. బూటు నిండా ధాన్యం పూడుకుపోయింది, అది చేత్తో తోడాలి. స్పేరు బేరింగు స్టోరులో లేదు. పాలకొల్లులో బేరింగుల కొట్టాయన షట్టరు దించి ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చున్నాడు, ఆయన్ని లేపాం. అది తేవడానికి ఆటో కుర్రాణ్ణి లేపాం. అలా మీ ఒక్క చూపుకి ఆ రాత్రి నాలుగిళ్ళలో కూర చల్లారింది. పని ముగించి ఇంటికి బండి తిప్పేసరికి, కల్యాణం చూసి తిరిగొస్తున్న వాళ్ళు నాకు ఎదురొచ్చారు. అందరి నుదుటా కుంకుమ. నా నుదుటా ఉంది, కాకపోతే అది గ్రీజు.

మా అమ్మాయి ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

పులస గురించి కూడా ఒక మాట. పోయిన శ్రావణంలో మా బావమరిదీ నేనూ వంతులేసుకుని ఒక ముక్క పులస కొన్నాం (మొత్తం చేప కొనే తాహతు మాకు లేదు, పుస్తెలమ్మే ఉద్దేశమూ లేదు). ఆ రాత్రీ మీరు ఆపేశారు. అయితే పులస పులుసు మర్నాటికే రుచి. మీ వల్ల మా ఇంట్లో నష్టపోనిది ఏదైనా ఉందంటే ఆ పులుసొక్కటే.

అర్జెంటు పని అర్థంకాని మనిషిని కాదు నేను. అదే బావమరిది భీమవరం పక్క రొయ్యల చెరువుల మీద ఎలక్ట్రీషియను. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజను బాగా పడిపోతుంది. ఆ వేళకి నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలుతుంది, చూస్తుండగానే పంట పోతుంది. రెండింటికి ఫోనొస్తే వాడు లుంగీ మీదే పరిగెడతాడు, ఒక్కనాడూ విసుక్కోలేదు. మా నాన్న 1986 ఆగస్టు వరదలో ఏటిగట్టు మీద ఇసక బస్తాలు మోశాడు. గోదారికి టైమింగ్సు చెప్పగలమా?

అయినా గోదారికున్న పద్ధతి మీకు లేదండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. పశువుల్ని మెరక మీదకి తోలుకోవడానికి, సామాను అటక మీద పెట్టుకోవడానికి మనిషికి కాస్త టైముంటుంది. మీకు మొదటి హెచ్చరికే లేదు. పైగా మొదటి హెచ్చరిక నేనిస్తే వినరు.

ఇక డబ్బు సంగతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం రోజుకి తొమ్మిది గంటలు, వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇమ్మంది. 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన లేబరు కోడ్‌లూ రెట్టింపే అన్నాయి. మా మిల్లులో మాత్రం ఓటీ అంటే ఓ టీ. నిజంగానే ఓ టీ. రాత్రి పది దాటితే దానికి రెండిడ్లీల పొట్లం తోడవుతుంది. క్వింటా వడ్లు ఆడితే పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు సర్కారుకి అప్పజెప్పాలని లెక్కుంది. అందులో కిలో తగ్గితే గుమాస్తా నుంచి షావుకారు దాకా నిద్రపోరు. నా గంటల పుస్తకం ఎవరి దగ్గరుందో ఇంతవరకూ ఎవరూ వెతకలేదు.

కొత్త కోడ్‌లో ఇంకో మాట ఉంది: ఓవర్‌టైము చేయించాలంటే కార్మికుడి సమ్మతి ఉండాలి. ఇది చదివి నేను నవ్వుకున్నాను. కోడ్ రాసిన వాళ్ళెవరో మా గోదారి జిల్లాల మనుషులు కాదు. ఇక్కడ ఏం చెప్పినా ముందు ‘ఆయ్’ అంటాం. ఎండగా ఉందన్నా ఆయ్, మీ ఇల్లు కూలిందన్నా ఆయ్. ఆ ‘ఆయ్’కి అర్థం ఒప్పుకున్నామని కాదండి, వినపడిందని. ఇరవై రెండేళ్ళుగా మీరు దాన్ని సంతకం కింద జమేసుకుంటున్నారు.

మిల్లులో వడ్ల పొట్టు తీసే షెల్లరులో రెండు రబ్బరు రోళ్ళుంటాయి. ఒకటి జోరుగా, ఒకటి నెమ్మదిగా తిరుగుతుంది. ఆ తేడాకే వడ్లగింజ పొట్టు ఊడేది. మిల్లుది జోరు, ఇంటిది నెమ్మది, మధ్యలో గింజని నేను. అంతవరకూ సరే, బతుకన్నాక పొట్టు ఊడుతుంది. కానీ జోరుగా తిరిగే రోలు ముందు అరుగుతుందని మేం రెండిటినీ అప్పుడప్పుడూ అటూ ఇటూ మారుస్తాం. రబ్బరు మీద మాకున్న జాలి అది.

ఇది మాధవాయిపాలెం రేవులో, వశిష్ఠ గోదారి దాటించి మా ఊరివైపు చేర్చే పంటు కోసం కూర్చుని రాస్తున్నాను. ఇవాళ మీరొచ్చారు, నేను కనపడలేదు కదూ? ఐదూ నలభైకే టూల్‌బాక్సుకి తాళమేసి వెనక గేటు నుంచి వచ్చేశాను. ఆఖరి పంటు తప్పిపోతే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి పోవాలి, ఆ చుట్టు తిరిగీ తిరిగీ బండి టైర్లు అరిగాయి. పంటు మీద నిలబడి వశిష్ఠ మీద సాయంత్రం ఎండ చూసి ఎన్నాళ్ళయిందో. చేతులు శుభ్రంగా ఉన్నాయి. సబ్బు వాసనొస్తున్నాయి.

పంటు ఇటు తిరిగింది, ముగిస్తాను. మేనేజరు గారి నోట్లో మీరెలాగూ కాపురం ఉంటున్నారు కాబట్టి ఈ కబురు ఆయన చెవిన వేయండి. పాలిషరు మోటారు వైపు బెల్టుకి లోపలంచున పగులొచ్చింది. వేలితో వంచి చూస్తే దారాలు కనపడుతున్నాయి. రేపు సాయంత్రం దాకా ఆగదు. బీ-84 బెల్టులు, జత. పొద్దున్న పదింటికల్లా తెప్పించమనండి, భోజనాల టైములో మార్చేస్తాను.

ఇట్లు,
ఆరు దాటాక ‘ఏవయ్యా’ అన్నా పలకని
మీ ఫిట్టరు