చేనుకున్న లెక్క మనిషికి లేదా?

వేపగింజల కషాయం ఎలా చేయాలో మన రైతుకు ఎవరూ నేర్పక్కర్లేదు. 5 కిలోల వేపపప్పు పొడిని రాత్రంతా నీళ్లలో నానబెట్టి, పిండి వడగట్టి, 100 లీటర్లు చేసి, కాస్త సబ్బుపొడి కలిపి సాయంత్రం పూట కొడతాడు. కొట్లో కొనే వేపమందు డబ్బా మీదైతే అజాడిరాక్టిన్ (వేపలో పురుగుల మీద పనిచేసే పదార్థం) 300 పీపీఎమ్మా (పది లక్షల్లో 300 వంతులు), 1,500 పీపీఎమ్మా అన్నది రాసే ఉంటుంది. అదే వేపగింజ సారాన్ని చర్మానికో, చిగుళ్లకో అంటూ అమ్మే సీసా తిప్పి చూడండి. ‘సహజసిద్ధం’, ‘యాంటీ బ్యాక్టీరియల్’ అని మాత్రం పెద్దక్షరాల్లో ఉంటుంది. పనిచేసే పదార్థం ఎంతుందో చాలావాటి మీద కనబడదు.

గింజల్లో సత్తా లేదని కాదు. వాములోని క్రిమినాశక పదార్థం థైమాల్‌ను మౌత్‌వాష్‌ల్లో ఎప్పటినుంచో వాడుతున్నారు. వేపనూనెతో శిలీంధ్రాలను అరికట్టే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీ తెచ్చుకున్న ఐరోపా పేటెంటును 2000లో రద్దు చేయించాం. 2005లో వాళ్ల అప్పీలూ వీగిపోయింది. గెలిచి ఏం సాధించినట్టు?

విశ్వవిద్యాలయాల్లో పరిశోధన జరుగుతూనే ఉంది. పెట్రిడిష్‌ అనే చిన్న మూతపళ్లెంలో, అగర్ అనే జెల్లీ మీద సూక్ష్మజీవులను పెంచి, చిన్న గుంటలో గింజ సారం పోస్తారు. మర్నాటికి చుట్టూ సూక్ష్మజీవులు పెరగక తేటగా వలయం కడితే మిల్లీమీటర్లలో కొలిచి పేపర్ అచ్చేస్తారు. పోలిక కోసం పక్కన పెట్టే జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ బిళ్లలో మందు 10 మైక్రోగ్రాములే. సారం తరచూ మిల్లీగ్రాముల్లో ఉంటుంది. వందల రెట్లు ఎక్కువ పోసి వలయం వచ్చిందనుకోవడం ఏం గొప్ప? పైగా నూనె గుణమున్న సారం అగర్‌లో సరిగా పాకదు కాబట్టి, పనికొచ్చే గింజ కూడా ఈ పరీక్షలో పనికిరానిదిగా కనబడవచ్చు.

ఇంట్లోదే కదా అన్న ధీమా ప్రమాదం. చంటిపిల్లలకు వేపనూనె తాగిస్తే వాంతులు, మూర్ఛలతో ప్రాణం మీదికొచ్చిన ఉదంతాలు 1980ల్లోనే మలేసియా నుంచి వైద్య పత్రికలకెక్కాయి.

యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా మొండికేసిన బ్యాక్టీరియా వల్ల 2019లో ప్రపంచవ్యాప్తంగా 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. కొత్త మందుల అవసరం అంత ఉంది. వలయం దగ్గరే ఆగిపోయే ప్రాజెక్టులకు నిధులివ్వడం ఇక మానాలి. ఎంత తక్కువ మోతాదుకు క్రిమి లొంగుతోంది, ఎంత దాటితే మన కణాలు దెబ్బతింటాయి అన్న రెండు అంకెలూ అడగాలి. అవి తేలిన సారాలను ముందుగా పుక్కిలించే మందులుగా, ప్రభుత్వ దంత వైద్య కళాశాలల్లో, రోగుల అనుమతితో, మామూలు మౌత్‌వాష్‌తో పోల్చి పరీక్షించవచ్చు. మింగే మందుల సంగతి ఆ తర్వాత.