మద్దెల ఓడు, అనగా నెట్‌వర్క్ టీమ్

కొత్త వర్చువల్ మెషిన్‌ను (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన ఉత్తుత్తి కంప్యూటర్‌ను) నెట్‌వర్క్ నుంచి బూట్ చేసి ఓఎస్ ఎక్కిద్దామనుకుంటారు. నల్ల తెర మీద 'పీఎక్స్ఈ-ఈ53' అని నెట్‌వర్క్ బూట్ (పీఎక్స్ఈ) వారి ఎర్రర్ మెసేజ్ పడి ఆగిపోతుంది. అప్పుడు శాస్త్రోక్తంగా చేయాల్సిన పని ఒక్కటే: నెట్‌వర్క్ టీమ్‌ను తిట్టడం. ఆ మెసేజ్ చదవడం లాంటి అనాచారాలు పనికిరావు. చదివితే, మొదట తెచ్చుకుని నడపాల్సిన బూట్ ఫైల్ పేరు రాలేదని తెలుస్తుంది. నెట్‌వర్క్‌లో చిరునామాలు పంచే డీహెచ్‌సీపీ పలికిందనీ, దారి బాగానే ఉందనీ తేలిపోతుంది. ఇక తిట్టడానికెవరు మిగులుతారు?

అదే ఈ51 అయితే తిట్టుకు కాస్త ఆధారం ఉంది. డీహెచ్‌సీపీ నుంచి ఉలుకూ పలుకూ లేదన్నమాట. మెషిన్ వేసే బ్రాడ్‌కాస్ట్ కేక రౌటర్ దాటదు, దాటించే రిలే పెట్టాల్సింది వాళ్లే. కాకపోతే ఒక్కోసారి మనమే మెషిన్‌ను బయటి ప్రపంచంతో సంబంధం లేని ప్రైవేట్ వర్చువల్ స్విచ్‌కి తగిలించి ఉంటాం. పిల్లాణ్ని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. ఈ విషయం మాత్రం ఫిర్యాదు టికెట్‌లో రాయకూడదు.

వర్చువల్ మెషిన్లను నడిపే మైక్రోసాఫ్ట్ హైపర్-వీలో జనరేషన్ 1 మెషిన్‌ది ఇంకో తీరు. మామూలు నెట్‌వర్క్ కార్డుతో అది నెట్‌వర్క్ బూట్ చేయదు, లెగసీ అడాప్టర్ కావాలంటుంది. నిన్న పుట్టిన మెషిన్‌కి తాతగారి 100 ఎంబీపీఎస్ కార్డును అనుకరించి పెట్టాలి. జనరేషన్ 2కి ఆ పట్టింపు లేదు, కానీ అది యూఈఎఫ్ఐ, అంటే పాత బయోస్ బదులు వచ్చిన కొత్త బూట్ పద్ధతి. డీహెచ్‌సీపీని అడిగేటప్పుడే తానెవరో ఆప్షన్ 93లో బుద్ధిగా చెప్పుకుంటుంది. మనం బూట్ ఫైల్ పేరు చెప్పే ఆప్షన్ 67లో అందరికీ కలిపి బయోస్ ఫైల్ పేరొకటి రాసిపెట్టి, అదేమిటి తినదు అని ఆశ్చర్యపోతాం.

సరైన ఫైల్ దొరికినా తొందరపడకండి. తెచ్చేది టీఎఫ్‌టీపీ అనే ఫైళ్లు మోసే పద్ధతి. వేరే ఒప్పందం లేకపోతే 512 బైట్ల ముక్క ఇచ్చి, 'అందింది' అన్న జవాబు వచ్చాకే రెండోది ఇస్తుంది. 300 ఎంబీ ఇమేజ్ అంటే 6 లక్షల పైచిలుకు ముక్కలు, అన్ని రసీదులు. ఇంత నిజాయితీ ఏ ఆఫీసులోనూ చూడలేదు.

అంతా వచ్చి విండోస్ పీఈ (ఓఎస్ ఎక్కించడానికి వాడే బుల్లి విండోస్) లేస్తుంది. లేచీ లేవగానే నెట్‌వర్క్ కార్డు కనబడటం లేదంటుంది! వీఎంవేర్ మెషిన్లలో ఉండే వీఎంఎక్స్‌నెట్3 అనే వర్చువల్ కార్డు డ్రైవర్ ఇమేజ్‌లో కలపకపోతే జరిగేది ఇదే. ఏ కార్డు మీదుగా తాను వచ్చిందో ఆ కార్డునే ఎరగనంటుంది. కృతఘ్నతకు ఇంతకన్నా ఉదాహరణ ఉంటుందా?

డ్రైవర్ కలిపాను. ఓఎస్ ఎక్కింది. మెషిన్ రీస్టార్ట్ అయింది. బూట్ వరుసలో నెట్‌వర్కే ముందుంది. ఈసారి డీహెచ్‌సీపీ పలికింది, ఫైల్ పేరు వచ్చింది, 6 లక్షల రసీదులూ ముట్టాయి. అప్పుడే ఎక్కిన ఓఎస్‌ను శుభ్రంగా తుడిచేసి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించడం మొదలుపెట్టింది.

నెట్‌వర్క్ టీమ్‌కి ఇంకో టికెట్ పెట్టాను.